బ్రిటను దేశపు పాఠశాలలు: పోషించినవారెవరు, పాలించినవారెవరు

మన సంఘ మహాసభ కూడిన ప్రతి యేటను విద్యావిషయమై యొక తీర్మానము చేయుట మనకాచారముగ వచ్చుచున్నది. దాతలు ధనమిచ్చుచున్నారు, కార్యనిర్వాహకులు శ్రమించుచున్నారు, పేదవిద్యార్థులు కొందరైనను దానివలన బాగుపడుచున్నారు. అయినను రెండు ప్రశ్నలు మాత్రము తలయెత్తుచు, సమాధానము పొందకయే మరుసటి సభకు వాయిదా పడుచున్నవి. ఒక వర్గమువారు తమ కష్టార్జితముతో నెలకొల్పిన విద్యాసంస్థ తమ బిడ్డలకు మాత్రమే యుండవలయునా, ఇతరులకును ద్వారము తెరువవలయునా? ప్రభుత్వ ద్రవ్యమును స్వీకరించినచో సంస్థపై స్థాపకులకు గల యధికారము నిలుచునా, పోవునా?

ఈ ప్రశ్నలతో బ్రిటను దేశస్థులు నాలుగు శతాబ్దములకు పైగా పెనగులాడిరి. అచ్చటి పాఠశాలలను మొట్టమొదట స్థాపించినది ప్రభుత్వము గాదు. మతసంఘములు, వృత్తిసంఘములు, ధర్మాత్ములైన దాతలు వానిని స్థాపించిరి. ప్రభుత్వము చాల కాలమునకు వచ్చి వారి ప్రక్కన నిలిచినది. అట్లు నిలిచిన పిమ్మట ఎవరి వాటా యెంత, ఎవరి మాట యెంతవరకు చెల్లును అను వివాదమే ఆ దేశపు విద్యాచరిత్ర. వారి పద్ధతియంతయు మనకనుకరణీయమని మా యభిప్రాయము గాదు. అందు మేలును గలదు, కీడును గలదు. రెండును తెలిసికొనుట మన నిధిని నడపువారికి లాభకరమని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

వృత్తిసంఘముల ధర్మము

పూర్వము లండను నగరమున ఒక్కొక్క వృత్తివారికి ఒక్కొక్క సంఘముండెడిది. విలువగల వస్త్రముల నమ్మువర్తకులకు మెర్సర్ల సంఘము, దర్జీలకు మర్చంటు టైలర్ల సంఘము, ఇట్లనేకములు. ఇవి వృత్తిమర్యాదలను కాపాడుటయే గాక, వృద్ధులైన సభ్యులను, దిక్కులేని వితంతువులను ఆదుకొనుచుండెడివి. చూపునకు మన కులసంఘములవలెనే తోచును గాని, వానిలో ప్రవేశము తండ్రి హక్కువలననే గాక, శిష్యరికము చేయుటవలనను, రుసుము చెల్లించుటవలనను గూడ కలుగుచుండెను.

1509 ప్రాంతమున జాన్ కోలెట్ అను మతాచార్యుడు తనకు సంక్రమించిన పితృధనమును వెచ్చించి లండనులో సెయింట్ పాల్స్ పాఠశాలను స్థాపించెను. అందు 153 మంది బాలురకు ఉచితముగ విద్య నేర్పునట్లు ఏర్పాటు చేసెను. తాను మతాచార్యుడయ్యును బడి యాజమాన్యమును మతపీఠమునకు అప్పగింపలేదు. తన తండ్రి సభ్యుడై యుండిన మెర్సర్ల సంఘమునకు అప్పగించెను. అంతకంటె గొప్పవిషయ మేమనగా, ఏ దేశమువారి బిడ్డలైనను భేదము లేక చేర్చుకొనవలెనని నియమావళిలో వ్రాసియుంచెను. బడి వర్తకసంఘముచేతిలో నున్నది. అయినను వర్తకుల బిడ్డలకే గాదు.

1561లో మర్చంటు టైలర్ల సంఘమువారు తమ ద్రవ్యముతో మరియొక బడి పెట్టిరి. అందు 250 మంది విద్యార్థులకు స్థానము కల్పించి, వారిలో 100 మంది పేదలకు జీతము లేకుండ చదువు చెప్పుటయు, కొందరికి కొద్దిపాటి జీతమును, కలిగినవారికి పూర్తిజీతమును విధించుటయు చేసిరి. కలిగినవాడిచ్చిన జీతము లేనివాని చదువునకు కొంత తోడ్పడెను. ఈ యేర్పాటును మన పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీని ప్రస్తావన మరల రాగలదు.

అయితే ఈ ధర్మములకు పట్టిన గతియు చెప్పవలసియున్నది. 1440లో ఆరవ హెన్రీ రాజు 70 మంది పేదవిద్యార్థులకొరకు ఈటను పాఠశాలను స్థాపించెను. కాలక్రమమున జీతమిచ్చి చదువుకొను ధనికుల బిడ్డలు అచ్చట నిండిరి. ఇట్టి బడులకు నేటికిని పబ్లికు స్కూళ్లని పేరు. పేరునకు ప్రజలవి, నిజమునకు ధనికులవి. సెయింట్ పాల్స్ పాఠశాలయు, దర్జీలసంఘపు పాఠశాలయు నేడు పెద్దజీతము పుచ్చుకొను బడులే. మెర్సర్ల సంఘము తన దాతృత్వమును మానలేదు. ఆ నిధితోడనే 1904లో బాలికలకు వేరొక పాఠశాలను గూడ తెరచినది. అయినను పేదలకని పెట్టిన ధర్మము నాలుగు తరములు గడచునప్పటికి కలిగినవారి సొత్తగుట ఏమరుపాటు గల చోటనెల్ల సంభవించుచునే యున్నది. దాత సంకల్పము పత్రమున నున్నంత మాత్రమున చాలదు. తరతరమున దానిని కాపాడువారుండవలెను.

ఎగ్మూరు బడినుండి లండనుకు

సామాన్యప్రజల చదువు మాట యేమి? స్కాట్లండులో 1696 నాటి చట్టము ప్రతి గ్రామమండలమునను బడి యుండవలెనని, ఉపాధ్యాయుని జీతమును బడియిల్లును అచ్చటి భూస్వాములే భరింపవలెనని శాసించినది. ఇంగ్లండులో అట్టి చట్టము లేదు. ధర్మబడులును, 1780 తరువాత ఆదివారపు బడులును పేదలకు కొంత యక్షరజ్ఞానము కలిగించెను గాని, అది చాలినంత గాదు.

ఈ సందర్భమున మన దక్షిణదేశమునకు సంబంధించిన విశేష మొకటి కలదు. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు మదరాసులోని ఎగ్మూరు సైనిక అనాథ బాలుర శరణాలయమునకు 1789లో అధికారియయ్యెను. అచ్చటి దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట అతడు చూచెను. తన శరణాలయమున దానిని ప్రవేశపెట్టి, పెద్దవిద్యార్థిచేత చిన్నవారికి చదువు చెప్పించు పద్ధతిని పెంపొందించెను. 1797లో దానినిగూర్చి లండనులో చిన్నపుస్తకము ప్రకటించెను. మన వీథిబడి యరుగులమీద పూర్వులెరిగిన పద్ధతియే ఇంగ్లండులో మదరాసు పద్ధతి యను పేరుతో వ్యాపించెను. ఒక్క యుపాధ్యాయుడు కొన్ని వందలమందికి చదువు చెప్పవచ్చుననిన ఖర్చు తగ్గును గదా! ఇట్టిదే యగు పద్ధతిని జోసెఫ్ లాంకాస్టరు అనునాతడు లండనులో నడపుచుండెను.

ఈ యిరువురి పేర్లమీద రెండు మహాసంఘములు లేచెను. బెల్ పక్షమున రాజమతమగు ఆంగ్లచర్చివారు 1811లో నేషనలు సొసైటీని స్థాపించిరి. లాంకాస్టరు పక్షమున ఇతర క్రైస్తవశాఖలవారు చేరి, 1814నాటికి బ్రిటిషు అండ్ ఫారిను స్కూలు సొసైటీ యను పేరు వహించిరి. రెండు సంఘములును చందాలెత్తి పోటీపడి బడులు కట్టించినవి. మతస్పర్ధవలన కీడెంత కలిగినను, ఆ స్పర్ధవలననే వేలకొలది గ్రామములలో బడులు వెలసినవనుటయు సత్యమే.

ప్రభుత్వము చేయిచాచుట

1833లో పార్లమెంటు బడిగృహముల నిర్మాణమునకై 20,000 పౌనులు మంజూరు చేసెను. అది ఈ రెండు సంఘములద్వారానే పంచబడెను. నియమ మొక్కటి: కట్టడపు ఖర్చులో సగము చందాలవలన ముందుగా కూడియుండవలెను. చూచుటకు న్యాయమే. కాని సగము పోగుచేసికొనగలిగిన ఊరికే మిగిలిన సగము వచ్చును. ఏమియు కూర్చుకొనలేని పేదల పేటకు ఏమియు రాదు. ఈ లోపము నలుబది యేండ్లకు దగ్గరగా నిలిచియుండెను.

సొమ్ము వెంట తనిఖీ వచ్చినది. 1839లో విద్యావిషయములకై ప్రత్యేక ప్రభుత్వసంఘ మేర్పడి ఇనస్పెక్టర్లను నియమించెను. 1862లో రాబర్టు లో అను మంత్రి కాలమున ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి అమలయ్యెను. చదువుట, వ్రాయుట, లెక్క అను మూడింట పరీక్షించి, తప్పిన ప్రతి విషయమునకును పిల్లవాని పద్దులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోయుచుండిరి. ఉపాధ్యాయులు పాఠమును పిల్లలచేత వల్లెవేయించుటకు దిగిరి. ఇనస్పెక్టరు పనిచేయుచుండిన ప్రసిద్ధకవి మాథ్యూ ఆర్నల్డు దీనిని తీవ్రముగ ఖండించెను. ముప్పది యేండ్లకు పైగా నడచి ఆ శతాబ్దపు చివర నది నశించినది.

ఈ గ్రాంటు విధానమే మనకును వచ్చినది. 1854 నాటి వుడ్ విద్యాపత్రము ఇంగ్లండునందలి పద్ధతిని చూపి, హిందూదేశమునను ప్రైవేటు బడులకు సహాయద్రవ్య మీయవలెనని ఉపదేశించెను. మన జిల్లాలలో ఎయిడెడు బడి యను మాట వాడుక యగుటకు మూల మదియే.

1870లో ఫోర్‌స్టరు మంత్రి తెచ్చిన చట్టము పెద్దమలుపు. సంఘముల బడులు లేని చోట, చాలని చోట, స్థానికులెన్నుకొన్న స్కూలు బోర్డు లేర్పడి, స్థానికపు పన్నుతో బడులు కట్టవలెననెను. లండను బోర్డుకు జరిగిన తొలి యెన్నికలోనే ఇద్దరు స్త్రీలు సభ్యులుగ నెన్నికైరి. ప్రభుత్వ గ్రాంటు గొనిన ప్రతి ప్రాథమికపు బడికిని ఒక షరతు ఏర్పడెను: తలిదండ్రులు కోరినచో బిడ్డను మతబోధనుండి తప్పింపవలెను, అందుకై చదువులో నష్టము కలిగింపరాదు. బడి సంఘమువారిది, మనస్సాక్షి బిడ్డది. ఈ సూత్రము నేటికిని చెల్లుచున్నది. 1880లో పదియేండ్లలోపు వారికి చదువు నిర్బంధమయ్యెను. 1891లో అధికాంశము బడులలో జీతము పోయెను.

అధికారమును పంచుకొనుట

బోర్డుబడులకు పన్ను వచ్చుచుండగా సంఘముల బడులు చందాలతో ఈదలేకపోయెను. 1902 చట్టము బోర్డులను రద్దుచేసి, జిల్లా, పట్టణ పాలకసభలను విద్యాధికారులుగ చేసెను. సంఘముల బడుల నిత్యవ్యయమును పన్నునుండి చెల్లింప నియమించెను. గృహము సంఘమువారిది, ఆరుగురు మేనేజర్లలో నలుగురు వారి పక్షము, ఇద్దరు స్థానికసభల పక్షము. తమ పన్ను పరులమతబోధకు పోవుచున్నదని అనేకులు పన్నీయ నిరాకరించిరి. వారి సామానులు వేలము వేయబడెను. కొందరు చెరసాలకును వెళ్లిరి. ప్రజాద్రవ్యము ఒక వర్గపు సంస్థకు పోయినచో ఇతరులకెట్లుండునో ఈ యుద్యమమువలన తెలియగలదు.

స్కాట్లండులో 1918 చట్టమువలన కాథలికుల బడులు పాలకసభల యాజమాన్యము క్రిందికి వచ్చుటకు మార్గమేర్పడెను. మతబోధయు, ఉపాధ్యాయుల మతయోగ్యత విషయమున చర్చి యామోదమును మాత్రము నిలిచెను.

ఇంగ్లండు, వేల్సులలో తగవును చాలవరకు తీర్చినది 1944లో బట్లరు మంత్రి చేయించిన చట్టము. అది మాధ్యమిక విద్యను ఉచితము చేసెను. సంఘముల బడులకు రెండు మార్గములు ముఖ్యముగ చూపెను. మొదటిది ఎయిడెడు మార్గము: కట్టడముల మార్పుచేర్పులలో సగము ఖర్చు సంఘము భరించును; పాలకవర్గమున స్థాపకపక్షమున కాధిక్యముండును; మతబోధ వారి యిష్టము. రెండవది కంట్రోల్డు మార్గము: ఖర్చంతయు విద్యాధికారులది, స్థాపకపక్షము పాలకవర్గమున మూడవ వంతునకు తగ్గును. ఎంత మోయుదురో అంత యధికారము! కాథలికులు కష్టమునకోర్చి మొదటి మార్గమునే పట్టిరి. ఆంగ్లచర్చి బడులలో అనేకములు రెండవదానిని గైకొనెను. క్రమక్రమముగ ఎయిడెడు బడుల వాటా తగ్గి, నేడు సాధారణముగ కట్టడపు ఖర్చులో పదియవ వంతు మాత్రమైనది.

నేటి స్థితి

బ్రిటను ఒక్క రాజ్యమైనను విద్య ఒక్కటి గాదు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులు నాలుగింటికి నాలుగు ఏర్పాట్లున్నవి. ఇంగ్లండులో 2002 మొదలు అకాడమీలను క్రొత్తతరగతి బడులు వెలసెను. ఇవి స్థానికసభ చేతిలో గాక, ధర్మకర్తల ట్రస్టుల చేతిలో నుండి, కేంద్రప్రభుత్వమునుండి నేరుగ ద్రవ్యము పొందును. 2010 చట్టము తరువాత ఇవి విశేషముగ పెరిగి, నేడు ఇంగ్లండు విద్యార్థులలో సగమునకు మించినవారు వీనియందే చదువుచున్నారు. స్కాట్లండు, వేల్సులలో ఇవి లేవు.

ప్రభుత్వద్రవ్యముతో నడచు బడులలో తలిదండ్రులు జీత మీయ నక్కరలేదు. విద్యార్థుల సంఖ్య మొదలగువానినిబట్టి సూత్రప్రకారము సొమ్ము వచ్చును. పేదవిద్యార్థుల పద్దున 2011 నుండి అదనపు గ్రాంటును గలదు. పాలకవర్గముల సభ్యులు జీతము లేక పనిచేయువారు. వారిలో తలిదండ్రుల ప్రతినిధులుందురు. 1992లో ఏర్పడిన ఆఫ్‌స్టెడ్ అను తనిఖీశాఖ నివేదికలను ప్రజలెల్లరు చదువవచ్చును. ఇంగ్లండులో ఇట్టి బడులలో మూడవ వంతు మతసంఘములకు సంబంధించినవే. 1998 తరువాత ముస్లిములకు, సిక్కులకు నట్టి బడులు కలిగెను. 2008లో లండనులోని హారోలో కృష్ణ అవంతి యను హిందూ ప్రాథమికపాఠశాల తెరువబడినది.

జీతముల బడులలో చదువువారు నూటికి ఆరేడుగురే. అట్టివారి జీతములపై 2025 జనవరి 1 నుండి నూటికి 20 వంతున పన్ను విధింపబడినది. ధర్మసంస్థయను పేరుతో ధనికులకు ప్రజాద్రవ్య మేల మిగులవలెనను వాదము దీనికి మూలము. ఉచితపు బడులయందును సమత్వము పూర్ణముగ లేదు: మంచి బడి యున్న వీథిలో ఇండ్ల వెల పెరుగును, కొనగలవాని బిడ్డకే అందు స్థానము దొరకును.

యూదుల పాఠశాల వ్యవహారము

మనము తప్పక తెలిసికొనదగిన విషయ మిక నొకటి. లండనులో యూదులు 1732లో తమ పేదబిడ్డలకై యుచితపాఠశాలను స్థాపించిరి. రోత్‌షీల్డు కుటుంబమువారు దానిని ఉదారముగ పోషించిరి. రష్యాదేశపు బాధలు పడలేక వచ్చిన యూదుల బిడ్డలకు అది ఇంగ్లీషుభాషను, గౌరవజీవనమును నేర్పెను. 1900 ప్రాంతమున నందు సుమారు 4,000 మంది చదువుచుండిరి. ఒక వర్గము తన దీనులనెట్లు నిలువబెట్టుకొనవచ్చునో చూపుటకు దీనికి మించిన యుదాహరణ మరుదు.

తరువాత ఈ బడి ప్రభుత్వద్రవ్యముతో నడచునదయ్యెను. ఒక బాలుని తండ్రి యూదుడే. తల్లి మతము పుచ్చుకొన్నదే గాని, ఆ పుచ్చుకొనిన విధానమును ప్రధానమతగురువుల పీఠ మంగీకరింపలేదు. తల్లినిబట్టి యూదత్వము నిర్ణయించు నియమముచేత బాలునికి స్థానము దొరకలేదు. వ్యవహారము సుప్రీముకోర్టు వరకు నడచి, 2009 డిసెంబరు 16న తీర్పు వచ్చెను. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఐదుగురు ఇది జాతినిబట్టి నేరుగ చూపిన భేదమే యనిరి. యాజమాన్యము దురుద్దేశముతో చేసినదని వారనలేదు. ఉద్దేశ మెంత మంచిదైనను, జన్మమునుబట్టి తలుపు మూయుట చట్టము సహింపదనిరి. పిమ్మట ఆ బడి మతాచరణమునుబట్టి ప్రవేశము నిర్ణయించుటకు మొదలిడెను.

మనకు వచ్చు ఫలము

మన రాజ్యాంగమునందు 1950 నుండి ఇట్టి సూత్రమే యున్నది. 29వ యధికరణపు రెండవ భాగముప్రకారము, ప్రభుత్వము నడపు సంస్థయందు గాని, ప్రభుత్వ సహాయద్రవ్యము పొందు సంస్థయందు గాని, మతము, జాతి, కులము, భాష అను కారణములచేత మాత్రమే యే పౌరునికిని ప్రవేశము నిరాకరింపరాదు. వెనుకబడిన తరగతులకు ప్రత్యేకసదుపాయము చేయుటకు ప్రభుత్వమునకు 1951 నాటి సవరణ యధికార మిచ్చినది; అది వేరువిషయము. కావున సర్కారు గ్రాంటు తీసికొని మన కులమువారికే బడి యనుట చెల్లదు. మన సొంతసొమ్ముతో మాత్రమే నడపు నిధిమాట వేరు. అచ్చట చట్టమునకంటె మన ధర్మబుద్ధియే ప్రధానము.

ఆ ధర్మబుద్ధి యేమి చెప్పుచున్నది? మన పెద్దలు ఈ నిధిని పెట్టినది ఇతరులపై ద్వేషముచేత గాదు. మన బిడ్డలకు చదువందని కాలమున వేరు దిక్కులేక పెట్టిరి. ఆ యక్కర పూర్తిగ తీరలేదని మేమును ఎరుగుదుము. అయినను దర్జీలసంఘమువారు 1561లో చేసిన పనిని ఆలోచింపుడు. 250లో 100, అనగా ఐదింట రెండు పాళ్లు, పేదలకు ఉచితముగ విడిచిరి. అందువలన వారి సంఘము చెడలేదు. నాలుగువందల అరువది యేండ్లు గడచినను ఆ బడితో వారి పేరు నిలిచియున్నది. పేరు నిలిచినను ఆ యుచితపు వాటా మాత్రము పూర్వపురూపమున నిలువలేదని పైన చెప్పితిమి. వారి యుదారతను గైకొనుటయు, వారి యేమరుపాటును విడుచుటయు మన పని.

కావున మేము మహాసభవారికి మూడు విషయములు విన్నవించుకొనుచున్నాము. విద్యానిధి వేతనములలో ఐదింట రెండు పాళ్లు కులభేదము లేక పేదవిద్యార్థులకు కేటాయింపవలెను. ఈ వాటాను ముందువారు సులభముగ మార్చలేనట్లు ధర్మకర్తృత్వ పత్రమున చేర్పవలెను. ఏటేటి జమాఖర్చును, వేతనములు పొందినవారి సంఖ్యను ఈ సంచికయందే ప్రకటింపవలెను. దీనికి అభ్యంతరములు గలవారును సభయందు కలరు. వారి వాదము విని, లెక్కలు చూచి, కార్యనిర్వాహకవర్గమువారు రాబోవు మహాసభ నాటికి నివేదిక నొసగుదురు గాక యని కోరుచున్నాము.